న్యుమోనియాలో కరిగే కండ: ఎప్పుడు ఏం తినాలి, ఎంత తినాలి

న్యుమోనియా తగ్గి ఇంటికొచ్చిన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందుగా అనే మాట "ఎంత చిక్కిపోయారో!" అని. పది రోజులు సరిగ్గా తినలేదు కదా, అందుకే అనుకుంటాం. తినకపోవడం సగం కారణమే. ఒంట్లో ఏ జబ్బూ లేని మనిషి పది రోజులు పస్తులుంటే పోయే కండ కంటే, తీవ్రమైన న్యుమోనియాతో అవే పది రోజులు మంచం పట్టిన మనిషికి పోయే కండ ఎక్కువ. పస్తున్నప్పుడు ఒళ్ళు పొదుపు నేర్చుకుంటుంది, రెండు మూడు రోజుల్లోనే కొవ్వు మీద బతకడం మొదలుపెట్టి కండను వీలైనంత దాచుకుంటుంది. ఇన్ఫెక్షన్‌లో ఆ పొదుపు బుద్ధి పనిచేయదు. కొవ్వు పక్కనే ఉన్నా కండనే పీకుతూ పోతుంది.

ఈ తేడా బుర్రకెక్కితే ఎప్పుడు బలవంతం చేయకూడదో, ఎప్పుడు పట్టుబట్టి తినిపించాలో మీకే తెలిసిపోతుంది. మందు బ్యాక్టీరియా పని పడుతుంది, కండ సంగతి మాత్రం పళ్ళెమూ కాళ్ళూ కలిసి చూసుకోవాలి.

ఇదంతా పెద్దవాళ్ళ గురించి. పిల్లల లెక్కలు వేరు, అవి పిల్లల డాక్టరునే అడగండి (తల్లిపాలు తాగే బిడ్డకు మాత్రం జబ్బు వచ్చిందని పాలు ఆపకూడదు). కిడ్నీ జబ్బు, ముదిరిన లివర్ జబ్బు ఉన్నవాళ్ళు కింద చెప్పే ప్రోటీన్ అంకెల్ని సొంతంగా అమలు చేయకండి.

ముందు లోపల జరిగేది చూద్దాం

న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లో పెరగడం మొదలుపెట్టగానే అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ అనే సంకేతాలు వదులుతాయి. అవి మెదడుకు చేరితే జ్వరం వస్తుంది, ఆకలి చచ్చిపోతుంది. కాలేయానికి చేరితే అది తన మామూలు పనులు పక్కన పెట్టి సీఆర్‌పీ, ఫైబ్రినోజెన్, హాప్టోగ్లోబిన్ లాంటి ప్రోటీన్లను పెద్ద ఎత్తున తయారు చేస్తుంది. సీఆర్‌పీ అయితే మామూలు స్థాయికి వెయ్యి రెట్ల దాకా కూడా పెరగగలదు. ఇక ఈ సంకేతాలు, వీటితో పాటు పెరిగే కార్టిసాల్ హార్మోను, కండ మీద పడితే అక్కడి ప్రోటీన్ విడిపోయి, తనను కట్టిన ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి వచ్చేస్తుంది. పైగా జ్వరం ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఒంటి శక్తి ఖర్చు 10 నుంచి 13 శాతం పెరుగుతుంది. అంటే ఖర్చు పెరిగిన రోజునే రాబడి ఆగిపోయింది.

కండే ఎందుకు? కొవ్వుకు ఒంట్లో గోదాం ఉంది. చక్కెరకు కాలేయంలోనూ కండలోనూ చిన్న నిల్వ ఉంది. ప్రోటీన్‌కు మాత్రం విడిగా దాచిన నిల్వ ఎక్కడా లేదు, రోజూ పనిచేసే కండే దాని నిల్వ. కాబట్టి అవసరం పడితే ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టడం తప్ప ఒంటికి వేరే దారి లేదు.

ఆ దూలాలు ఎక్కడికి పోతున్నాయో చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. కండ నుంచి ఎక్కువగా బయటికొచ్చేవి అలనిన్, గ్లుటమిన్. అలనిన్ నేరుగా కాలేయానికి పోయి గ్లూకోజుగా మారుతుంది, డయాబెటిస్ లేనివాళ్ళకు కూడా న్యుమోనియాలో షుగర్ పెరగడానికి ఇదొక కారణం (ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం ఇంకో కారణం). గ్లుటమిన్ లింఫోసైట్లకు (ఇవి ఒక రకం తెల్ల రక్తకణాలు), మాక్రోఫేజ్‌లకు, పేగు లోపలి పొరకు ఇంధనం. అర్జినిన్‌ను మాక్రోఫేజ్‌లు నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చి బ్యాక్టీరియా మీద ప్రయోగిస్తాయి. అయితే అదే నైట్రిక్ ఆక్సైడ్ అతిగా తయారైతే రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది, సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ అదుపు తప్పి అవయవాలే దెబ్బతినే స్థితిలో) జరిగేదాంట్లో ఇదొక భాగం. సిస్టీన్, గ్లైసిన్, గ్లుటమేట్ మూడూ కలిసి గ్లుటాథయోన్ అవుతాయి, సొంత ఊపిరితిత్తి కణాలు ఈ పోరులో కాలిపోకుండా కాపాడేది అదే. ట్రిప్టోఫాన్ కథ వేరు: ఐడీవో అనే ఎంజైమ్ దాన్ని కైన్యురెనిన్‌గా విరగ్గొట్టేస్తుంది, దాంతో రక్తంలో ట్రిప్టోఫాన్ తగ్గుతుంది, కైన్యురెనిన్ పెరుగుతుంది, జబ్బు ముదిరేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. ట్రిప్టోఫాన్ సొంతంగా తయారు చేసుకోలేని సూక్ష్మజీవులకు తిండి పెట్టకుండా మాడ్చే ఎత్తు ఇది. బ్యాక్టీరియాకు కూడా అమైనో ఆమ్లాలు కావాలి మరి! న్యుమోకాకస్ చాలా అమైనో ఆమ్లాల్ని సొంతంగా చేసుకోలేదు, మన దగ్గరే దోచుకుంటుంది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇంకోటి. కాలేయం హడావుడిగా తయారు చేసే ఆ సీఆర్‌పీ బాపతు ప్రోటీన్లలో ఫినైల్‌అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ పాళ్ళు ఎక్కువ. కండ ప్రోటీన్‌లో ఈ మూడూ తక్కువ. కాబట్టి కావలసిన ఆ కొద్ది అమైనో ఆమ్లాల కోసం చాలా కండను విప్పాల్సి వస్తుంది, మిగిలినవన్నీ కాలిపోయి యూరియాగా మూత్రంలో పోతాయి. నాలుగు గుండీల కోసం చొక్కా మొత్తం చింపుకున్నట్టు. అందుకే తిండిలో వచ్చే మంచి ప్రోటీన్‌కు అంత విలువ: ఆ గుండీలు బయటి నుంచి వస్తే చొక్కా కొంతైనా మిగులుతుంది. పూర్తిగా మిగలదు, అది కూడా ముందే చెప్పాలి. సంకేతాలు ఉధృతంగా ఉన్న రోజుల్లో ఎంత తిన్నా కండ కరగడం ఆగదు, తగ్గుతుంది అంతే.

కాస్త లెక్క వేద్దాం. యూరియాగా మూత్రంలో పోయేది ప్రోటీన్‌లోని నైట్రోజనే, కాబట్టి దాన్ని కొలిస్తే పోయిన కండ తెలుస్తుంది. 1 గ్రాము నైట్రోజన్ అంటే 6.25 గ్రాముల ప్రోటీన్. కండలో ప్రోటీన్ సుమారు ఐదో వంతు, మిగతాది ఎక్కువగా నీరే. కాబట్టి మూత్రంలో 1 గ్రాము నైట్రోజన్ అదనంగా పోయిందంటే దాదాపు 30 గ్రాముల కండ పోయినట్టు. జబ్బు తీవ్రమై సెప్సిస్ దాకా వెళ్ళినవాళ్ళలో రోజుకు 10 గ్రాములు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ నైట్రోజన్ పోవచ్చు. రోజుకు 300 గ్రాముల కండ! ఐసీయూ రోగుల తొడ కండను అల్ట్రాసౌండ్‌తో కొలిచి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పది రోజుల్లో ఆ కండ అడ్డుకొలత సుమారు 18 శాతం తగ్గిపోయింది. వార్డులో ఉండి మాత్రలతో తగ్గిపోయే న్యుమోనియాలో ఇంత ఘోరం ఉండదు, కానీ దిశ అదే.

ఆల్బుమిన్ రిపోర్టు చూసి కంగారు పడకండి

రక్త పరీక్షలో ఆల్బుమిన్ తక్కువ అని రాగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, "ప్రోటీన్ లోపం" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు, గుడ్డు తెల్లసొనలు లెక్కపెట్టి పెట్టడం మొదలవుతుంది. నిజానికి ఇన్ఫెక్షన్ ఉధృతంగా ఉన్నప్పుడు కాలేయం ఆల్బుమిన్ తయారీ తగ్గిస్తుంది, ఉన్న ఆల్బుమిన్ రక్తనాళాల నుంచి బయటికి కారిపోతుంది. మనిషి ఎంత బాగా తింటున్నా ఆ వారం అది పడే తీరుతుంది. సీఆర్‌పీ దిగడం మొదలయ్యాక ఆల్బుమిన్ నెమ్మదిగా లేస్తుంది. జబ్బు ఎంత తీవ్రమో చెప్పడానికి అది పనికొస్తుంది, మనిషి ఎంత తిన్నాడో చెప్పడానికి పనికిరాదు.

బరువు కూడా అంతే, మోసం చేస్తుంది. సెలైన్ ఎక్కించిన మనిషి ఒంట్లో నీరు చేరి బరువు పెరిగినట్టు కనిపించవచ్చు, కింద కండ పోతూనే ఉంటుంది. కాళ్ళ వాపు దిగాక తూచిన బరువే లెక్క.

మొదటి మూడు నాలుగు రోజులు

జ్వరం, ఆయాసం, అరుచి, నోరంతా చేదు. ఈ రోజుల్లో లక్ష్యం చిన్నది: నీళ్ళు తగ్గకూడదు, కడుపు పూర్తిగా ఖాళీగా ఉండకూడదు, పొలమారకూడదు. పూర్తి ప్రోటీన్ లెక్క ఇప్పుడే అందుకోవాలని పంతం పట్టకండి. నేను చేసిన తప్పు అదే. మా ఇంట్లో పెద్దాయనకు న్యుమోనియా వచ్చినప్పుడు మొదటి రోజు నుంచే గిన్నె పట్టుకుని వెంటపడ్డాను, ఆయన రెండుసార్లు కక్కుకున్నారు, మూడోసారి పొలమారి దగ్గు తెర ఆగలేదు, ఆ తర్వాత నన్ను చూస్తేనే మొహం తిప్పేసుకునేవారు. అలాగని "లంఖణం పరమౌషధం" అని నాలుగైదు రోజులు వదిలేయడం కూడా పనికిరాదు. ముందే బక్కగా ఉన్నవాళ్ళకు, డెబ్బై దాటినవాళ్ళకు, గత కొన్ని నెలల్లో బరువు తగ్గినవాళ్ళకు ఆ నాలుగు రోజులే చాలా ఖరీదైనవి.

ఆయాసంగా ఉన్న మనిషి ఒకేసారి నమలడం, మింగడం, ఊపిరి పీల్చడం చేయాలి, మూడింట్లో ఊపిరే గెలుస్తుంది. కాబట్టి మూడు పూటల భోజనం మాట మరచిపోయి రెండు గంటలకోసారి నాలుగైదు చెంచాలు, మెత్తగా ఉన్నది, ఎక్కువ నమలక్కర్లేనిది ఇవ్వండి. నిటారుగా కూర్చోబెట్టే తినిపించాలి, తిన్నాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంటే తినేటప్పుడు తీయకండి, ఆక్సిజన్ ఎక్కువ కావలసింది అప్పుడే. ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉంటే మాత్రం నర్సును అడిగాకే ఏదైనా నోట్లో పెట్టండి. తినే ముందు నోరు శుభ్రం చేయించండి, పళ్ళు తోమించండి. రుచి కొంచెం తెలుస్తుంది, నోట్లోని బ్యాక్టీరియా మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి జారే ముప్పు కూడా తగ్గుతుంది. నీళ్ళు తాగగానే దగ్గు వస్తున్నా, తిన్నాక గొంతు గరగరలాడుతున్నా, మాట తడిగా వినిపిస్తున్నా అక్కడితో ఆపి డాక్టరుకు చెప్పాలి. అది మింగడంలో తేడా, అసలు న్యుమోనియా వచ్చింది దానివల్లే కావచ్చు.

పల్చటి సూపుల గురించి ఒక మాట. వేడివేడిగా గిన్నెడు సూపు తాగితే తిన్నట్టే అనిపిస్తుంది, తాగించినవాళ్ళకు తృప్తి. అందులో నీళ్ళూ ఉప్పూ తప్ప ఏముంది? కడుపు మాత్రం నిండిపోతుంది. అదే గిన్నెలో పాలు, పెరుగు, మెత్తగా ఉడికించి మెదిపిన పప్పు, బాగా ఉడికిన గుడ్డు కలిపిన జావ ఏదైనా పెడితే ప్రతి చెంచాకూ విలువ ఉంటుంది. పండ్ల రసాలు, గ్లూకోజు నీళ్ళ సంగతి కూడా ఇంతే: దాహానికి సరే, వాటిలో అమైనో ఆమ్లాలు లేనట్టే. డయాబెటిస్ ఉన్నవాళ్ళకైతే అసలే పెరిగిన షుగర్ మీద ఇంకొంచెం పోసినట్టు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషికి, ముఖ్యంగా ముందే బాగా బక్కచిక్కి ఉన్నా, మద్యం అలవాటున్నా, ఆకలి తిరిగి రాగానే ఒక్కసారిగా బాగా పెట్టేస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ధడేల్మని పడిపోయి గుండె లయ తప్పవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటివాళ్ళకు తిండి మొదలుపెట్టే ముందే థయమిన్ (విటమిన్ బి1) ఇస్తారు, తిండిని కొన్ని రోజుల మీద మెల్లగా పెంచుతారు, ఈ లవణాలకు రక్త పరీక్షలు చేస్తూ ఉంటారు. ఇది ఇంట్లో చేసే పని కాదు.

జ్వరం దిగాక అసలు పని

జ్వరం దిగి, సీఆర్‌పీ తగ్గుతూ, మనిషి "ఏమన్నా ఉందా తినడానికి" అని అడిగిన రోజు నుంచి లెక్క మారుతుంది. కండ కరిగించే సంకేతాలు ఇప్పుడు సన్నగిల్లాయి, కట్టడానికి వీలు దొరికింది. అందరూ నిర్లక్ష్యం చేసేది కూడా ఈ రోజుల్నే, "జ్వరం తగ్గింది కదా" అని. నా దృష్టిలో తిండి విషయంలో పట్టుబట్టాల్సింది ఇప్పుడే, కనీసం ఆరు వారాలు.

ఎంత? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజుకు కిలో బరువుకు 0.8 గ్రాముల ప్రోటీన్ చాలంటారు. జబ్బు చేసిన, కోలుకుంటున్న పెద్దవయసు వాళ్ళకు నిపుణులు చెప్పేది 1.2 నుంచి 1.5 గ్రాములు. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములన్నమాట. దీంతో పాటు మొత్తం తిండి కిలోకు 27 నుంచి 30 కేలరీలు, అంటే 1,600 నుంచి 1,800 దాకా ఉండాలి. ఈ రెండో అంకెను చాలామంది వదిలేస్తారు. తిండిలో శక్తి చాలకపోతే తిన్న ప్రోటీన్‌ను కూడా ఒళ్ళు కట్టెల్లా కాల్చేస్తుంది, కండ కట్టదు. అన్నం, రొట్టె మానేసి ఒట్టి గుడ్లు, ప్రోటీన్ పొడి మీద ఉంచితే జరిగేది అదే.

అంకెల్ని పళ్ళెంలోకి దించితే ఇలా ఉంటుంది. గుడ్డుకు 6 గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలలో 6 నుంచి 7, 100 గ్రాముల పెరుగులో 3.5 దాకా, 100 గ్రాముల ఉడికిన పప్పులో 8 నుంచి 9 (ఇది గట్టి పప్పు లెక్క, నీళ్ళ పప్పుకు కాదు), వండిన చేప లేదా కోడి మాంసం 100 గ్రాముల్లో 20 నుంచి 28. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, 200 గ్రాముల పప్పు, 200 గ్రాముల పెరుగు, 100 గ్రాముల చేప కలిపితే 70 దాటుతుంది, ధాన్యంలో ఉండేది కలుపుకుంటే 85 దగ్గరికి వచ్చేస్తుంది. మాంసం, గుడ్డు ముట్టనివాళ్ళు సోయా, వేరుశనగ, పప్పుల వాటా పెంచుకోవాలి. ధాన్యంలో లైసిన్ తక్కువ, పప్పుల్లో మిథియోనిన్ తక్కువ, రెండూ ఒకే రోజులో తింటే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. ప్రతి ముద్దలోనూ కలిసి ఉండాలనేమీ లేదు.

పంపకం మాత్రం చూసుకోండి. మనలో చాలామందికి పొద్దున్న ప్రోటీన్ దాదాపు సున్నా, రాత్రికి అంతా ఒకేచోట. వయసు మళ్ళినవాళ్ళ కండకు, అందులోనూ జబ్బు పడి లేచిన కండకు, ఒక మొద్దుతనం వస్తుంది: కొంచెం కొంచెం అమైనో ఆమ్లాలు వస్తే అది పట్టించుకోదు, ఒక పూటలో 25 నుంచి 30 గ్రాముల ప్రోటీన్, అందులో రెండున్నర మూడు గ్రాముల లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటేనే కట్టే పని మొదలుపెడుతుంది. కాబట్టి మూడు పూటలా సమంగా పంచండి. తినలేకపోతున్నవాళ్ళకు పళ్ళెంలో ప్రోటీన్ ముందు పెట్టండి, అన్నం తర్వాత. సగంలో చేయి కడిగేసుకున్నా కావలసింది లోపలికి పోయి ఉంటుంది.

ఇదంతా చాదస్తం కాదా అనిపిస్తే, స్విట్జర్లాండ్‌లోని ఎనిమిది ఆసుపత్రుల్లో 2,000 మందికి పైగా రోగులతో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం ఉంది. న్యుమోనియా ఒక్కటే కాదు, రకరకాల జబ్బులతో చేరి పోషణ తగ్గే ముప్పున్నవాళ్ళు వాళ్ళంతా. సగం మందికి మామూలు ఆసుపత్రి తిండి, సగం మందికి ఒక్కొక్కరికీ కేలరీలు, ప్రోటీన్ లక్ష్యం పెట్టి, దాన్ని అందుకునేలా తినిపించారు. 30 రోజుల్లో మరణాలు మొదటి గుంపులో సుమారు 10 శాతం, రెండో గుంపులో 7 శాతం. కొత్త మందేమీ కాదు, లెక్కపెట్టి తినిపించడం అంతే!

గ్లుటమిన్, అర్జినిన్ డబ్బాలు కొనే ముందు

పైన చదివింది గుర్తుంటే మీకో ఆలోచన వచ్చే ఉంటుంది: గ్లుటమిన్ కరువైతే గ్లుటమిన్ పొడి పోస్తే సరిపోదా? డాక్టర్లకూ అదే అనిపించింది, పరీక్షించి చూశారు. ఊపిరితిత్తులు, కిడ్నీల్లాంటి అవయవాలు దెబ్బతిని వెంటిలేటరు మీదున్న 1,200 మందికి పైగా రోగులపై చేసిన రెడాక్స్ అనే పరీక్ష ఫలితం 2013లో వచ్చింది. గ్లుటమిన్ ఎక్కువ మోతాదులో తీసుకున్నవాళ్ళలో ఆరు నెలల లోపు మరణాలు తగ్గకపోగా పెరిగాయి. రక్తంలో ఒకటి తగ్గింది కదా అని దాన్ని నింపేస్తే బాగుపడుతుందనేది మన ఊహ, ఒళ్ళు ఒప్పుకోవాలని లేదు. అర్జినిన్ విషయంలో బీపీ పడిపోయే భయం సరేసరి. అంతెందుకు, మామూలు ప్రోటీన్‌నే రోజుకు కిలోకు 2.2 గ్రాముల దాకా పెంచుదామని వెంటిలేటరు రోగుల్లో చూస్తే (2023లో వచ్చిన ఫలితం) లాభం కనబడలేదు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకు నష్టం కనబడింది. ఎక్కువైతే ఇంకా మంచిదన్న సూత్రం ఇక్కడ చెల్లదు.

ఇంట్లో కోలుకుంటున్న మనిషి ఐసీయూ రోగి కాదు, నిజమే. కానీ అతనికి కూడా ఒక్కో అమైనో ఆమ్లం విడిగా అక్కర్లేదు. కండ కోసమని అమ్మే బీసీఏఏ డబ్బాల్లో ఉండేవి మూడే (లూసిన్, ఐసోలూసిన్, వాలిన్), కండ కట్టడానికి తిండి నుంచే రావలసిన తప్పనిసరి అమైనో ఆమ్లాలు తొమ్మిది. మూడు రకాల ఇటుకలతో గోడ లేవదు. మామూలు తిండితో లెక్క అందకపోతే పాల నుంచి తీసిన వే ప్రోటీన్, లేదా సోయా ప్రోటీన్ పొడి ఒక చెంచా పాలలో కలుపుకుంటే చాలు, వాటిలో తొమ్మిదీ ఉంటాయి.

మందుకూ తిండికీ మధ్య ఎడం

దీన్ని ఎవరూ చెప్పరు, మందుల చీటీ మీద చిన్న అక్షరాల్లో ఉండిపోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి పాలలోని కాల్షియానికి అతుక్కుపోయి రక్తంలోకి సరిగ్గా ఎక్కవు. లెవోఫ్లాక్సాసిన్‌కు ఐరన్, జింక్ మాత్రలతో, గ్యాస్‌కు వాడే యాంటాసిడ్లతో ఇదే గొడవ. కనీసం 2 గంటల ఎడం పెట్టాలి, మాక్సిఫ్లాక్సాసిన్ లాంటి వాటికి ఇంకా ఎక్కువ, మందులషాపులో అడగండి. చాలా ప్రోటీన్ పొడుల్లో కాల్షియం, ఐరన్, జింక్ కలిపి ఉంటాయి, కాబట్టి బలానికని ఇచ్చే ఆ గ్లాసే మాత్రతో పాటు ఇస్తే యాంటీబయాటిక్ వృథా అవుతుంది. డాక్సీసైక్లిన్ వేసుకున్నాక వెంటనే పడుకోకూడదు, గొంతు గొట్టం పుండవుతుంది, గ్లాసుడు నీళ్ళు తాగి కాసేపు కూర్చోవాలి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ భోజనం మొదట్లో వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది.

లైనెజోలిడ్ అనే యాంటీబయాటిక్ ఇస్తున్నట్టయితే ఇంకో జాగ్రత్త. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం పులిసినప్పుడు టైరమిన్‌గా మారుతుంది, లైనెజోలిడ్ ఆ టైరమిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది, దాంతో బీపీ ఒక్కసారిగా పెరగవచ్చు. బాగా మాగబెట్టిన చీజ్, పులియబెట్టిన సోయా సాస్ లాంటివి ఆ మందు వాడినన్నాళ్ళూ దూరం పెట్టాలి. తాజా పాలు, అప్పుడే తోడుకున్న పెరుగుతో ఇబ్బంది లేదు.

యాంటీబయాటిక్ వల్ల విరేచనాలు పట్టుకుంటే తిన్నది నిలవదు. రోజుకు మూడు కంటే ఎక్కువ నీళ్ళ విరేచనాలైనా, రక్తం పడినా, కడుపునొప్పితో జ్వరం తిరగబెట్టినా మందు ఇచ్చిన డాక్టరుకు వెంటనే చెప్పండి, షాపులో విరేచనాలు కట్టే మాత్ర కొనేసి వేసుకోకండి.

కాళ్ళు కదలకపోతే తిన్నది కండ కాదు

ఏ జబ్బూ లేని వృద్ధుల్ని పది రోజులు మంచంలోనే ఉంచి, తిండి సరిగ్గానే పెట్టి చూస్తే, ఒక్క కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయిందని 2007లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో తేలింది. దాని మీద ఇన్ఫెక్షన్ కూడా తోడైతే? అందుకే డాక్టరు సరేనన్న మొదటి రోజే మంచం అంచున కూర్చోబెట్టండి, కుర్చీలో కూర్చుని భోంచేయనివ్వండి, బాత్‌రూమ్ దాకా నడిపించండి. ఇంటికొచ్చాక చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజుకు రెండుమూడు సార్లు, ఒక్కోసారి ఐదు నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం మంచిది. ఇదే కొలతగా కూడా పనికొస్తుంది: ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 15 సెకన్లు దాటుతోందంటే కాళ్ళ బలం ఇంకా వెనకబడి ఉన్నట్టు. వారానికోసారి ఆ సెకన్లు, పొద్దున్నే బరువు, పిక్క లావుగా ఉన్నచోట టేపు కొలత, మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. వాపు లేని పిక్క 31 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే కండ బాగా తగ్గిందనుకోవాలి. ఆయాసం ఎక్కువైనా, గుండె దడ వచ్చినా, కళ్ళు తిరిగినా ఆ పూటకు ఆపేయండి.

ఓపిక ఎన్నాళ్ళు పట్టాలి అంటే, జ్వరం సాధారణంగా వారంలో పోతుంది, కఫం, ఛాతీ నొప్పి నాలుగు వారాలకు బాగా తగ్గుతాయి, దగ్గు, ఆయాసం ఆరు వారాలకు. నీరసం మూడు నెలల దాకా ఉండొచ్చు, మునుపటిలా అనిపించడానికి కొందరికి ఆరు నెలలు పడుతుంది. ఈ మధ్యలో బరువు పెరిగి పిక్క కొలత, సెకన్లు కదలకపోతే పెరిగింది కొవ్వే, పూటకెంత ప్రోటీన్ పోతోందో మళ్ళీ చూసుకుని కాళ్ళ పని పెంచాలి. తింటున్నా వారం వారం బరువు తగ్గుతూనే ఉంటే, రాత్రిళ్ళు చెమటలు పట్టి సాయంత్రం సన్న జ్వరం వస్తుంటే, రెండు మూడు వారాలు దాటినా దగ్గు అలాగే ముదురుతుంటే తిండిని తప్పుపట్టకండి. కఫం పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే మళ్ళీ చేయించుకోవాలి. క్షయ కావచ్చు, ఊపిరితిత్తి చుట్టూ చీము చేరి ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు. అది తేలేదాకా తిండి మాత్రం ఆపకండి.